బృహచ్ఛిలాయుగము: నామవిమర్శ

మన పాఠశాలలలోని చరిత్రగ్రంథములలోఁ బ్రాచీనశిలాయుగము, నవీనశిలాయుగము అను పేరుల వెంట బృహచ్ఛిలాయుగ మను పేరొకటి కానవచ్చుచున్నది. దీనినే కొందఱు సంధి విడిచి బృహత్ శిలాయుగ మని వ్రాయుచున్నారు. సంధివిషయము నటుంచి యర్థమును విచారింతము. శిలాయుగశబ్దము మూఁడింటికిని సమానమగుటచే బాలుఁడు దీనిని ఱాతిపనిముట్ల కాలములలో నొకటిగా గ్రహించును. పెద్దఱాళ్ళతోఁ బనిముట్లు చేసికొనిన కాలమని యతఁడు వ్రాసినను మనము తప్పుపట్టఁజాలము. పేరే యతనికి దారి తప్పించినది.

ఈ పేరు దేనినిఁ దెలుపవలెనో చూతము. తెలుగుదేశమునఁ బెక్కుచోట్ల నూళ్ళకు వెలుపల పెద్దగుండ్లను వలయముగాఁ బేర్చిన తావులు గలవు. వలయము నడుమ గొయ్యి గాని, ఱాతిపలకలను నిలిపి మూఁతబండ వేసిన పెట్టె గాని యుండును. వానిలో మనుష్యుల యెముకలు, నలుపు నెఱుపు గలసిన కుండలు, ఇనుపపనిముట్లు దొరకుచున్నవి. ఇవి సమాధులు. పల్నాటిలోని నాగార్జునకొండలోయ యిందుకు మంచి యుదాహరణము. సాగరజలములు లోయను ముంచకముందు 1954 నుండి 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో నిట్టి సమాధులు బయల్పడినవి. ఆ లోయలోనే నవీనశిలాయుగపు శ్మశానమును గానవచ్చినది. ఱాతిగొడ్డలి వాడినవారు మృతులను మామూలు గోతులలోఁ బూడ్చిరి. గుండ్లవలయములు పేర్చినవారు ఇనుము నెఱిఁగినవారు. 1947లో మైసూరుసీమయందలి బ్రహ్మగిరిని వీలరు త్రవ్వించినపుడును ఈ క్రమమే తేలినది. అడుగున ఱాతిగొడ్డళ్ళవారి పొర, దానిపై సమాధులు కట్టినవారి పొర, ఆపైని ఆంధ్రశాతవాహనకాలపు పొర. కాఁబట్టి మన బృహచ్ఛిలాసమాధులు ప్రధానముగా నినుపయుగమునకుఁ జెందినవి. క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్ది చివర మొదలై క్రీస్తుశకారంభమువఱకు నీ యాచారము సాగినది.

ఐరోపా యుత్తరభాగమున స్థితి వేఱు. ఐర్లండులోని న్యూగ్రేంజి సమాధి క్రీస్తుపూర్వము సుమారు 3200 నాఁటిది. దక్షిణాయనాంతమున సూర్యోదయకిరణము ద్వారముపైని గవాక్షమునుండి దూరి లోపలి గదిని వెలిఁగించునట్లు దానిని గట్టిరి. ఆర్క్నీ ద్వీపములలోని మేషౌ దానికిఁ గొన్ని శతాబ్దములు పిన్నది. పండ్రెండవ శతాబ్దమున నార్సుజాతివారు దానిలోఁ జొచ్చి గోడలపైఁ దమ లిపిలో వ్రాఁతలు చెక్కిరి. ఈ సమాధులు కట్టినవా రినుము నెఱుఁగరు, వారిది నవీనశిలాయుగము. అచ్చటి మహాశిలలకు శిలాయుగసంబంధము గలదు. ఇచ్చటివానికి లేదు. రెంటికిని నడుమ రెండువేల యేండ్లు గలవు.

ఆకారసామ్యముచే భ్రమించుట క్రొత్త గాదు. గతశతాబ్దికి ముందటి శతాబ్దమున మెడోస్ టెయిలరు సురపురప్రాంతపు సమాధులను శ్రద్ధతోఁ ద్రవ్వించి కొలతలును జిత్రములును నిచ్చెను. ఆ కొలతలు నేఁటికిని బనికివచ్చును. కాని తన వ్యాసనామమునందే వానిని కెల్టు, డ్రూయిడు, సిథియను కట్టడములని సందేహపూర్వకముగా జతపఱచెను. 1872లో ఫెర్గూసను వేఱొక దారిఁ ద్రొక్కి, ఐరోపాలోనివానిలోఁ బెక్కు రోమనుల తరువాతివే యని వాదించెను. తరువాతి త్రవ్వకములును, 1949 మొదలు వచ్చిన కర్బనకాలగణనమును ఆ వాదమును ద్రోసిపుచ్చినవి. ఒకరు జాతిని, వేఱొకరు కాలమును ఱాతి యాకృతినుండియే యూహింపఁబోయిరి. మన గ్రంథకర్తలు యుగమునే యూహించిరి.

ఇందు పామరుల నామములే నిర్దోషములుగాఁ దోఁచుచున్నవి. మనవారు వీనిని రాకాసిగుళ్ళు, పాండవగుళ్ళు అనిరి. డెన్మార్కువారు తమ సమాధిని యెట్టెస్టూ, అనఁగా దైత్యుల గది, యనిరి. అంత బండ నెత్తుట మానవమాత్రునికి శక్యమా యను నాశ్చర్యమే రెండుచోట్లను బేరైనది. ఆ పేరులు కాలమును జెప్పఁబూనలేదు గావున నసత్యము చెప్పలేదు. కొందఱు రాకాసిగూళ్ళనియు వ్రాయుదురు. గుడి యన్నచో దేవాలయభ్రాంతి కలుగును. గూడు దేహమునకును జెల్లు మాట యగుటచే సమాధికిఁ దగియున్నది. ఏ యూర నే రూపము పలుకుదురో విని వ్రాసికొనుట మేలు.

రూఢమైన పేరును మార్పనేల యని యాక్షేపింపవచ్చును. పంకజశబ్దమున బురదలోఁ బుట్టిన యితరవస్తువు లెవ్వరికిని దోఁపవు గదా యందురు. నిజమే, తామర యెల్లరును జూచినది. వస్తువు నెఱిఁగినవానికి రూఢి యర్థమును నియమించును. సమాధిని జూడని బాలునికి మాట యొక్కటే యాధారము. అతఁ డవయవార్థమునే పట్టుకొనును. కావునఁ గట్టడమునకు బృహచ్ఛిలాసమాధి యనియు, కాలమునకు అయోయుగము లేక యినుపయుగ మనియు వేఱువేఱుగా వ్యవహరించుట యుక్తము.

పల్నాటిసీమలో నాపఱాయి యింటి గోడలకును, గట్లకును బనికివచ్చుచున్నది. పొలములోని పాఁతపలక యెవ్వరిదని తెలియనిచోఁ దీసికొనిపోవుట సులభము. రాక్షసుల నిక్షేప మున్నదని త్రవ్వుటయు సులభమే. ముప్పాళ్ళ మొదలు మాచర్లవఱకుఁ గల పాఠశాలలలో, ఇది మన పొలమునే దున్నిన, ఇనుము నెఱిఁగిన యొకానొక మనుష్యుని సమాధి యని పండితులు స్పష్టముగాఁ జెప్పుదురేని, ఆ పలకను గదలించుటకుఁ జేయి కొంత వెనుదీయును.