నలుపు తెలుపుల కెమేరా: వెలకు తగిన ఫలమున్నదా?

ఋషికుల్యా ముఖద్వారమునకు చేరువనున్న పొడంపేటలో పాత ఊరి ఇండ్లను కడలి కోసివేసినది. మన తెలుగు బెస్త కుటుంబములు లోపలి భూమికి తరలినవి. మిగిలిన మొండిగోడలను నలుపు తెలుపులలో చిత్రింపవలెనను కోరిక ఎవరికైనను కలుగును. అందులకై లక్షలు వెచ్చింపవలెనా యనునదే ఇచ్చట విచార్యము.

డిజిటల్ కెమేరా సహజముగా వెలుతురును కొలుచునే గాని రంగు నెఱుగదు. కొడక్ సంస్థలోని బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి బిందువుపైనను ఎఱ్ఱ, ఆకుపచ్చ, నీలి జల్లెడలలో ఒకటి యుండును. కొఱవడిన రంగులను యంత్రము ఇరుగుపొరుగు బిందువులను బట్టి ఊహించి పూరించును. 2012లో లైకా సంస్థ ఆ జల్లెడను తొలగించి ఎమ్ మోనోక్రోమ్‌ను వెలువరించెను. అందుచే వివరము తేటపడును. వెలుతురు ఇంచుమించు రెట్టింపు చేరును. ఈ లాభము నిజమైనది.

అయితే 2023లో వచ్చిన లైకా ఎమ్ 11 మోనోక్రోమ్ వెల తొమ్మిదివేల డాలర్లకు పైబడినది. లెన్సు వేరుగ కొనవలెను. ఆ యేడే పెంటాక్స్ సంస్థ ఇదే సూత్రముతో సుమారు 2,200 డాలర్లకు మరియొక కెమేరాను తెచ్చినది. దాని బిందుఫలకము చిన్నదే; ఐనను జల్లెడను తొలగించుటకే అంత వెల పెట్టనక్కఱలేదని తేలుచున్నది గదా!

నష్టములును కలవు. రంగుల సమాచారము లేనందున ఆకాశమును తరువాత నల్లబఱచుట సులభము గాదు. పాత ఫిల్ము రోజులలో వలె పసుపు లేక ఎఱ్ఱ ఫిల్టరును లెన్సుకు తగిలింపవలెను. మిట్టమధ్యాహ్నపు నురుగు మితిమీరి తెల్లబడెనా, ఆ వివరము మరల రాదు. ఇక వివరము మాట: 24 మెగాపిక్సెళ్ళ సాధారణ కెమేరా చిత్రమున అడ్డముగా 6,000 బిందువులుండును. అంగుళమునకు 300 చొప్పున ముద్రించిన 20 అంగుళముల పటమగును. మన గోడలకు అంతకు మించినది అరుదుగనే కావలసియుండును.

ఒక్క చోట మాత్రము ఈ కెమేరా వెలకు అర్థము కలదు. ఈ తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ గ్రుడ్లు పెట్టును, ఫ్లాషు వాడరాదు. అచ్చట చేరు రెట్టింపు వెలుతురు విలాసము గాదు.

1957 నాటి మాయాబజారులో మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను తెరపై కురిపించెను. 2010లో ఆ చిత్రమునకు రంగులద్దిరి. ఐనను ఆ వెన్నెల పుట్టినది నలుపు తెలుపులలోనే. దానిని పుట్టించినది వెలుగు నీడల యెఱుక. యంత్రపు ఖరీదు గాదు.

కావున ఉన్న కెమేరాతోనే తీయుడు. మిగిలిన ధనముతో తాతల నాటి పటములను మంచి కాగితముపై ముద్రింపించి, వెనుక పేరును, ఊరును, సంవత్సరమును వ్రాయుడు. కడలి మ్రింగిన ఇంటిని ఏ లెన్సును మరల చూపజాలదు. వ్రాసియుంచిన పేరు మాత్రము మనుమల కందును.