మెడ ఆపరేషన్ తర్వాత కుట్టుపని

మెడలో ఏడు వెన్నుపూసలు. వాటి మధ్య ఉండే డిస్క్ అరిగి, జారి, నరాన్ని నొక్కితే బాధ మెడతో ఆగదు, భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది. తరచు దెబ్బతినేవి ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య ఉన్న డిస్క్, దాని కింది డిస్క్. మొదటి చోట నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి. రెండో చోట నలిగితే నడిమివేలు. సూది పట్టేది ఈ మూడు వేళ్లే. అందువల్ల సూది చేతిలోంచి జారిపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం వంటి గుర్తులను వయసు మీద తోసేసి ఊరుకోకూడదు.

ఎక్కువమందికి చేసే ఆపరేషన్‌లో గొంతు పక్కగా చిన్న కోత పెట్టి, పాడైన డిస్క్ తీసేసి, ఆ ఖాళీలో ఎముక ముక్కను గానీ చిన్న కేజ్‌ను గానీ అమర్చి, చాలాసార్లు ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. 1950లలో స్మిత్, రాబిన్సన్ ఒకవైపు, క్లోవర్డ్ మరోవైపు ఈ పద్ధతిని రూపొందించారు. చేతినొప్పి చాలామందికి త్వరగానే తగ్గుతుంది. తిమ్మిరి నెలల తరబడి ఉండవచ్చు. రెండు పూసలు ఒకటిగా అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. పొగతాగేవాళ్లకు ఇంకా ఆలస్యం. అతికిన చోట ఇక కదలిక ఉండదు కనుక పైపూస, కిందిపూస ఆ పనిని కూడా మోస్తాయి. కుట్టేటప్పుడు మెడ వంచే అలవాటును గాయం మానేదాకా కాదు, ఎప్పటికీ మార్చుకోవలసింది ఇందుకే.

తల బరువు సుమారు ఐదు కిలోలు. దాన్ని 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలకు చేరుతుందని కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ 2014లో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. ఒళ్లో గుడ్డ పెట్టుకుని హెమ్మింగ్ చేసేవాళ్ల మెడ దాదాపు అంతే వంగుతుంది. తల దించడం మాని గుడ్డనే పైకి తేవాలి. చేతులున్న కుర్చీలో కూర్చుని, ఒళ్లో రెండు దిండ్లు వేసుకుంటే పని ఛాతీ ఎత్తుకు వస్తుంది. భుజం వెనక నుంచి దీపం వెలుతురు పడాలి, చూపు ఆనకపోతే మెడ తనంతట తానే వంగుతుంది.

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టడానికి హుక్కులు, కాజాలు మంచివి. చిన్న పని, పావుగంటలో ఆపి లేవవచ్చు. చీర ఫాల్ కుట్టు సులువే అయినా చీర బరువు చేతిని కిందికి లాగుతుంది, చీరను బల్ల మీద పరచుకోవాలి. మిషను తర్వాతి మాట. కాలితో తొక్కే పాతరకం ఇనప మిషను తల పది కిలోలు దాటుతుంది. దాన్ని ఎత్తే పని ఇంట్లో మరొకరిదే.

కత్తిరింపును మాత్రం అన్నిటికన్నా చివరికి వాయిదా వేయడం మేలు. నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ల మీద వంగి గీతలు గీస్తే మెడ, నడుము రెండూ నలుగుతాయి. బరువు కత్తెర తిమ్మిరి వదలని బొటనవేలిని నొక్కుతుంది. నడుము ఎత్తు బల్ల, తేలికపాటి కత్తెర ఉంటే నిలబడి కోయవచ్చు. మగ్గం వర్క్ చేసేవాళ్లది ఇంకా కష్టం. చట్రం ముందు నేల మీద గంటలకొద్దీ వంగి కూర్చుంటారు. చట్రాన్ని ఎత్తైన స్టాండు మీదికి మార్చి, కుర్చీలో కూర్చోగలిగితేనే ఆ పనికి తిరిగి రావాలి.