అక్షరానికో నంబరు, ప్రింటరుకో నంబరు

కరీంనగర్‌లో ఏ డీటీపీ షాపులో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపెడుతుందే." ప్రింటర్ ఎదురుగానే ఉంటుంది. లైటు వెలుగుతుంటుంది, ట్రేలో కాగితాలూ ఉంటాయి. పిల్లగాడు కేబుల్ పీకి మళ్లీ పెడతాడు, ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తాడు, ఆఖరికి సిస్టమే రీస్టార్ట్ చేస్తాడు. ఈలోపు బాండ్ పేపర్ కోసం వచ్చినాయన వాచీ చూసుకుంటూ నిలబడతాడు.

చాలాసార్లు యంత్రానికి ఏ రోగమూ ఉండదు, మారింది నంబరే. షాపులోని ప్రతి యంత్రానికీ రౌటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది, 192.168.1.5 లాంటిది. నాలుగు సంఖ్యలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. వీటిని పంచిపెట్టే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. అది నంబరును సొంతానికి ఇవ్వదు, లీజుకిస్తుంది. కరెంటు పోయి వచ్చాక యంత్రాలన్నీ మళ్లీ రౌటర్‌ను అడుక్కోవాలి. నిన్న 5 ఉన్న ప్రింటర్‌కు ఇవాళ 8 రావచ్చు. కంప్యూటరేమో ఇల్లు మారిన చుట్టానికి పాతింటికే పెళ్లిపత్రిక పంపినట్టు, ఫైల్‌ను ఇంకా 5 కే పంపుతుంటుంది. రౌటర్ సెట్టింగుల్లోకి పోయి ఆ ప్రింటర్‌కు ఆ నంబరే ఖాయం చేస్తే తిప్పలు తీరుతాయి. దాన్ని రిజర్వేషన్ అంటారు. కాసేపట్లో అయ్యే ఈ పని చేసుకోక ఏళ్ల తరబడి రీస్టార్ట్‌లతో బండి లాగే షాపులే ఎక్కువ.

ప్రింటింగ్ షాపుల కష్టాల్లో పెద్ద వాటా ఇట్లాంటి నంబర్లదే. అక్షరాల సంగతి చూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది.

తెలుగు డీటీపీ అంటే చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్‌ను ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది, 1994లో అది అడోబీ చేతికి వచ్చింది, 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షన్ లేదు. అయినా జగిత్యాలలో, మంచిర్యాలలో పెళ్లిపత్రికలు, బిల్లు బుక్కులు ఇంకా దాంట్లో తయారవుతూనే ఉన్నాయి. అలవాటైన వేళ్లు కీబోర్డు చూడకుండానే కొట్టేస్తాయి, ఆ ఫాంట్ల అందం వేరు, ఇరవై ఏళ్ల పాత మ్యాటరంతా అందులోనే ఉంది. వదలమంటే ఎట్లా వదులుతారు? దీన్ని బద్ధకం అనేవాళ్లు ఒక్కరోజు ఆ కుర్చీలో కూర్చుని చూడాలి.

కాకపోతే అను ఫాంట్‌లో ఒక కిటుకుంది. అది ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన నంబర్లలో తెలుగు ఆకారాలను కూర్చోబెడుతుంది. ఆ ఫాంట్ ఉన్న సిస్టంలో చక్కని తెలుగు. అదే మ్యాటర్‌ను వాట్సాప్‌లో అతికిస్తే నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న పిచ్చి ఇంగ్లీషు. "ఫైల్ కరాబైంది" అంటాడు కస్టమర్. కరాబు కాలేదు. ఆ నంబర్లను తెలుగుగా చూపే ఫాంట్ అవతల లేదు, అంతే.

యూనికోడ్ లెక్క వేరు. తెలుగుకు అందులో 1991 నుంచే సొంత జాగా ఉంది, 3072 నుంచి 3199 దాకా. 'క' నంబరు 3093. ఫోనైనా, కంప్యూటరైనా, ఆదిలాబాద్‌లోనైనా, అమెరికాలోనైనా 3093 అంటే 'క'యే. ఇక్కడా ఓ మెలిక లేకపోలేదు. 'క్ష'కు సొంత నంబరు లేదు. క, పొల్లు, ష అని మూడు నంబర్లు వరుసగా వస్తే వాటిని కలిపి గీయాల్సిన బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల సెట్టింగు పెట్టకపోతే ఆ కలపడం జరగదు. చౌరస్తా ఫ్లెక్సీల మీద "శుభాకాంక్‌షలు" అని కనిపించేది అందుకే. అది చూసి డిజైనర్‌కు తెలుగు రాదని నవ్వుతారుగానీ, అతను సరిగ్గానే టైప్ చేసి ఉంటాడు.

ఫ్లెక్సీలదే ఇంకో గోల. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను పది అడుగులు చేయమంటారు. 1600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను 120 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి పదమూడు చుక్కలే వస్తాయి. నాయకుడి ముఖం గళ్లుగళ్లుగా తేలుతుంది. "డాక్యుమెంట్‌లాగ పంపన్నా" అని ఆపరేటర్ బతిమాలేది ఇందుకే. అట్లా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించదు.

ఈ కష్టాల మధ్యే షాపులకు గిరాకీ విరుచుకుపడ్డ రోజులూ ఉన్నాయి. 2016 అక్టోబర్ 11, దసరా రోజు, జిల్లాలే మారిపోయాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడివడ్డాయి. పాత లెటర్‌హెడ్ల మీది జిల్లా పేరు ఒక్కరోజులో పాతబడింది. మరుసటి ఏడాది జులై 1న జీఎస్టీ వచ్చి బిల్లు బుక్కులన్నీ మళ్లీ కొట్టించింది, ఈసారి పదిహేను అంకెలూ అక్షరాలూ ఉన్న నంబరుతో.

అంత గిరాకీ ఉన్న ఆ రోజుల్లో కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడి ఉంది. నిజాం కాలపు మిల్లు, ఊరి పేరులోనే కాగితం. 2014లో ఆగిన ఉత్పత్తి 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకగానీ మళ్లీ మొదలవలేదు.

అదే 2018లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు సంబంధించిన మరో పని పెద్దగా చప్పుడు లేకుండా జరిగింది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులున్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారి కృషితో ఆ లిపి బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది యూనికోడ్ 11.0లో గుంజాల గోండికి చోటు దక్కింది, 73056 నుంచి 80 గడులు. గూగుల్ నోటో ఫాంటూ ఉచితంగా దొరుకుతుంది. కాబట్టి ఉట్నూరులో ఎవరైనా పెళ్లిపత్రికను గోండి లిపిలో వేయించాలనుకుంటే కొత్తగా కొనాల్సిన ఫాంటేమీ లేదు. చిక్కల్లా షాపులోని పాత సాఫ్ట్‌వేర్‌తోనే. వాటిలో కొన్ని 65,535 దాటిన నంబర్లను గుర్తించవు, అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా చూపిస్తాయి. పేజ్‌మేకర్‌కైతే యూనికోడే తెలియదు. కొత్త వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో టైప్ చేసి, ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ చేసి ఇస్తే ఆ పత్రికను ఏ ప్రింటరైనా కొడుతుంది, ముందు అది ఆఫ్‌లైన్ అనకుంటే.