దుంప కరిగేదాకా

నవంబరు వచ్చిందంటే డబ్లిన్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆదివారం రెండింటికి పొయ్యి మీద గిన్నె పెడితే, కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి వీధి దీపాలు మసకబారే వేళకు మటన్, బంగాళాదుంపలతో చేసే ఐరిష్ స్ట్యూ తయారవుతుంది. పబ్బుల్లో లోతు గిన్నెలో పోసి, పక్కన సోడా రొట్టె, వెన్న పెట్టి ఇస్తారే, అది. చలికి వణుకుతూ లోపలికి వెళ్ళి ఒకసారి తిన్నాను. ఇంట్లో వండాలనిపించింది.

మొదటిసారి వండబోతూ గుంటూరుకు ఫోన్ చేస్తే, "అల్లం వెల్లుల్లి లేకుండా మటనేంట్రా, నీచు వాసన రాదూ?" అంది అమ్మ. ఆ మాట పట్టుకుని దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేశాను. పక్కింటి పెద్దావిడకు ఒక గిన్నె ఇచ్చాను. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళోనే ఉన్న మనిషి. మెల్లగా తిని, బాగుందన్నారు. తర్వాత, "దుంప ఏది తెచ్చారు?" అని అడిగారు. మాంసం గురించి అడుగుతారనుకున్న నాకు, ఈ వంట దేని మీద నిలబడిందో అప్పుడు తెలిసింది.

దుంప ఉడికాక తొక్క పగిలి లోపల తెల్లగా, పొడిపొడిగా విచ్చుకోవాలి. అలాంటి దుంపల్ని ఇక్కడివాళ్ళు మురిపెంగా 'పిండి ముద్దలు' అంటారు. కెర్స్ పింక్, గోల్డెన్ వండర్ ఆ జాతివి. వాటిలో గంజి ఎక్కువ. అందుకే ఉడికేకొద్దీ విడిపోయి నీళ్ళలో కలిసిపోతాయి. జిగట దుంప ఎంత ఉడికినా ముక్క ముక్కగానే ఉంటుంది, పులుసు చిక్కబడదు.

ఎముకతో కిలో మెడ మాంసం, కిలో దుంపలు, అరకిలో ఉల్లిపాయలు తీసుకుంటాను. సగం దుంపల్ని పల్చని చక్రాలుగా తరిగి అడుగున పరుస్తాను, కరిగిపోవడానికి. వాటి మీద మాంసం, ఉల్లి, ఉప్పు, మిరియాలు, కాస్త థైమ్. మిగతా దుంపల్ని పెద్ద ముక్కలుగా కోసి పైన పేరుస్తాను. అవి ఆవిరికే ఉడుకుతాయి. నీళ్ళు మాంసం మునిగేదాకా, అంతే. మైదా అక్కర్లేదు. క్యారెట్ వేయాలా వద్దా అని ఇక్కడ ఎప్పుడూ వాదనే. నేను వేయను, దాని తీపి ఉల్లి తీపిని కప్పేస్తుంది. గిన్నిస్ బీరు పోసి గొడ్డు మాంసంతో చేసేది వేరే కూర.

అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు సెగలో దొరికింది. మాంసాన్ని ముందు చన్నీళ్ళలో వేసి ఒక పొంగు రానిచ్చి, తెట్టు తీసి, ఆ నీళ్ళు పారబోస్తే నీచు వాసన పోతుంది. ఆ తర్వాత రెండు గంటలు సన్న సెగే. అక్కడక్కడ ఒక బుడగ లేస్తే చాలు. కుతకుతలాడితే ముక్క పీచులా బిగుస్తుంది. సెగ తగ్గించి ఓపిక పడితే ఎముకను పట్టుకున్న నరాలూ పొరలూ కరిగి పులుసుకు పెదాలు అతుక్కునేంత జిగురు వస్తుంది.

దించే అరగంట ముందు అడుగున దుంప కరిగిందో లేదో గరిటె పెట్టి చూస్తాను. ఆ క్షణంలో 1845 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది ఈ దేశపు పొలాల్లో తెగులు సోకి దుంపలు కుళ్ళిపోయాయి. పేదలకు తిండంటే ప్రధానంగా దుంపే, అందులోనూ లంపర్ అనే ఒక్క రకమే ఎక్కువ. 1852 నాటికి దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ ఏళ్ళలోనూ ఈ రేవుల నుంచి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. మా గుంటూరు సీమలో నందన కరువు 1832-33లో వచ్చింది. ఈ రెండు చోట్ల ఆకలి చావుల మధ్య ఎడం పదేళ్ళ పైచిలుకే. పక్కింటావిడ కంచంలో దుంప ముక్క మిగల్చడం నేను ఒక్కసారీ చూడలేదు.

ఇక రొట్టె. ఈ తడి నేల మీద పండే గోధుమ మెత్తటిది, ఈస్ట్‌తో అంతగా పొంగదు. అందుకే 19వ శతాబ్దంలో వంటసోడా రాగానే ఇంటింటా సోడా రొట్టె కుదురుకుంది. 450 గ్రాముల పిండికి చెంచా సోడా, చెంచా ఉప్పు, 350 మిల్లీలీటర్ల పుల్లమజ్జిగ. నీళ్ళు కలపని, చిక్కటి మజ్జిగ కావాలి. పులుపు తగలగానే సోడా పొంగడం మొదలెడుతుంది కాబట్టి చపాతీ పిండిలా మర్దించకూడదు. ఒక్కసారి కలిపి, గుండ్రంగా తట్టి, పైన అడ్డంగా, నిలువుగా లోతైన గాటు పెట్టి ఓవెన్‌లోకి తోసేయాలి. కాలాక అడుగున వేళ్ళతో తడితే డొల్ల శబ్దం రావాలి.

డిసెంబరులో అమ్మ వస్తోంది. కెర్స్ పింక్ సంచి ఒకటి తెచ్చి, మెట్ల కింద చీకట్లో పెట్టి ఉంచాను.