జీపు అమ్మేవాళ్లకు ఒక మాట

రేణిగుంట రోడ్డు పక్కన టాపులేని జీపొకటి అమ్మకానికి పెట్టారు. దాన్ని చూసినప్పటి నుంచి ఈ వారమంతా నాకు చిరాకే. కొత్తగా కొట్టిన మిలిటరీ రంగు, బానెట్ మీద పెద్ద తెల్ల నక్షత్రం. ‘రెండో ప్రపంచ యుద్ధం నాటి బండన్నా, వేలంలో తీసిందే’ అన్నాడు అమ్మే కుర్రాడు. స్టీరింగేమో కుడివైపుంది. ముందు జాలీలో సందులు లెక్కపెడితే ఏడే.

పాత బండిని చెవులతో కాదు, కళ్లతో కొనాలని ఈ కాలమ్ చదివేవాళ్లకు నేను విసుగొచ్చేలా చెప్పే ఉంటాను. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. వాటికి స్టీరింగు ఎడమవైపు. రేకుతో అచ్చు కొట్టిన జాలీలో తొమ్మిది సందులు. ఫోర్డు బండైతే బోల్టు తలల మీద ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. బానెట్ ఎత్తి మర వదులుచేస్తే హెడ్‌లైటు వెనక్కి తిరిగి ఇంజిన్ మీద వెలుగు పడుతుంది, చీకట్లో రిపేరుకని. స్వాతంత్ర్యం వచ్చాక మహీంద్రావాళ్లు విల్లీస్ భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించారు. ఆ వంశం బళ్లు మన సైన్యంలోనూ తిరిగాయి. ఏడు సందుల ఈ బండీ ఆ వంశానిదే. మన జవాన్లు నడిపిన మహీంద్రాల వంశానికి అమెరికా నక్షత్రం ఎందుకు?

రంగంతా గీకించి, అసలు రూపానికి తెచ్చి అమ్మమందామనుకున్నాను. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉంటే ఇరవై వేలు కట్టి పాతకాలపు బళ్లకిచ్చే ‘వీఏ’ నంబరు తీసుకోవచ్చు. చాసీ, బాడీ, ఇంజిన్ మారిస్తే మాత్రం కుదరదు.

కానీ వంగి చూస్తే లోపల డీజిల్ ఇంజిన్. వెనక రెండు పొడుగు బల్లలు, అంచు పొడవునా తాడు కట్టడానికి వెల్డు చేసిన కొక్కేలు. మదనపల్లె వైపు మా పెదనాన్నగారి ఊళ్లో ఇలాంటి జీపే ఉండేది. తెల్లారకముందే టమోటా గంపలు మార్కెట్టుకు చేర్చేది. తిరుగుదారిలో బడిపిల్లలు, పురిటికెళ్లే ఆడవాళ్లు, పెళ్లిబృందాలు. డ్రైవరు సగం ఒళ్లు బయటే పెట్టి నడిపేవాడు. పెట్రోలు ఖర్చు భరించలేకే మనవాళ్లు డీజిల్ ఎక్కించారు. ఆ ఇంజిన్ లేకపోతే ఈ జీపులు ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయేవి.

ఈ జీపు పటాలంలో కొన్నేళ్లు పనిచేస్తే చేసుండొచ్చు, బతుకంతా గడిచింది మాత్రం మన మట్టిలోనే. ఆ కొక్కేలు పీకి, బల్లలు తీసేసి దాన్ని మ్యూజియం బొమ్మగా మారిస్తే అదీ అబద్ధమే అవుతుంది, నక్షత్రమంత అబద్ధం.

ఆ అబ్బాయికి ఇదే చెప్పాను: ‘ఉన్నదున్నట్టు అమ్ము నాయనా. వేలం కాగితం ఉంటే చూపించు, లేకపోతే ఆ మాటే ఎత్తొద్దు. ఆర్సీలో పెట్రోలని ఉందా, డీజిలని ఉందా? ఇంజిన్ నంబరు కలవకపోతే ముందు ఆర్టీవో ఆఫీసుకు పోయి సరిచేయించుకో. రేటు సంగతి ఆ తర్వాత.’