నోటీసు లేని సమ్మెలో తట్ట ఎవరిది?

ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు. భద్రాచలం అడవి అంచు దాకా పరుచుకున్న ఈ సింగరేణి బాయిల్లో యూనియన్‌ను అడగకుండా షిఫ్టు ఆపితే దానికి మెరుపు సమ్మె అని పేరు. ఈ మాట మీదనే మాకు పేచీ. మబ్బు లేకుండా మెరుపు ఎట్లా వస్తది? బండ కూలడం, మస్టరు పడక వెనక్కి పోవడం, పైవాడి నోటి తిట్టు, ఇవన్నీ నోటీసులు గావా?

చట్టం దృష్టిలో కావు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం పదిమంది కూడబలుక్కుని, నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా పని మానితే ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలుండేది. ఏది తగిన కారణమో బాయి దిగినవాడు తేల్చడు. 1981లో సింగరేణి కార్మికులు ఈ కోతకు ఎదురు తిరిగి, పెద్ద యూనియన్ల మాట దాటి 56 రోజులు సమ్మె చేశారు. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది ఆ పోరాటంలోంచే.

ఆ సమ్మె మీద మేం చదివిన రాతల్లో ఒక తగాదా తెగదు: నాయకత్వం ఎవరిది? పాత యూనియన్లకు అది అదుపు తప్పిన ఆవేశం, విప్లవ రచయితలకు తమ రాజకీయాల గెలుపు. తట్టా చెమ్మస్ పట్టినవాడు ఎవడన్నది ఇద్దరూ అడగలే. టబ్బులు నింపే ఫిల్లర్లలో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాల వాళ్లు. ఫిల్లర్ తట్ట దించితే టబ్బు నిండదు, టబ్బు నిండకపోతే హాలేజీ తాడుకు లాగే పని లేదు. బాయిని ఆపే బలం అందరికన్నా కింది మెట్టు మీద ఉన్న చేతుల్లో ఉండేది. వర్గం అని రాసిన పెద్దలకు ఆ చేతుల కులం కనబడలే. మణుగూరులో గనికి భూమి వదిలిన కోయలైతే ఆ వర్గం లెక్కలోకే సరిగా రాలేదు.

యూనియన్ల అభ్యంతరం అంతా అబద్ధమనీ మేం అనం. ఒక సెక్షన్ పట్టుదలకు బాయి మొత్తం షిఫ్టు పోగొట్టుకున్న రోజులున్నాయి. పక్కవాడి పొయ్యి కూడా ఆరుతుంది గదా. అయితే ఆ నష్టం లెక్క కట్టిన నాయకులు, ఫిల్లర్ తమ ఆఫీసు గడప ఎందుకు ఎక్కలేదో కూడా లెక్క కట్టాల్సింది.

1998లో రహస్య ఓటు వచ్చింది, గుర్తింపు సంఘాన్ని కార్మికులే ఎన్నుకుంటున్నారు. ఈలోగా తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు దిగాయి, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఆ కాంట్రాక్టు కార్మికులకు గుర్తింపు ఎన్నికల్లో ఓటు లేదు. రేపు వాళ్లు పని ఆపితే ఏ యూనియన్ అనుమతి తీసుకోలేదని అంటారో మరి.