తండ్రి ఇంట వారసులుగా (ముందుమాట)

పాపక్షమాపణ గురించి వినని ఆదివారం మన సంఘాల్లో ఉండదు. నీతిమంతులుగా తీర్చబడటం గురించీ మన విశ్వాసులు చక్కగా సాక్ష్యం చెబుతారు. దత్తపుత్రత్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రసంగం రెండు మాటలతో దాటిపోతుంది. అక్కడే ఆగి, దానికే ఒక పుస్తకాన్ని అంకితం చేసిన ఈ యువ కాపరిని మనసారా అభినందిస్తున్నాను.

పౌలు రోమీయులకు పత్రిక వ్రాసేనాటికి సింహాసనం మీద ఉన్నది నీరో. క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 50లో అతణ్ణి దత్తత తీసుకున్నాడు. కన్నకొడుకు బ్రిటానికస్ బతికుండగానే 54లో రాజ్యం దత్తపుత్రుడికి దక్కింది. దత్తత వచ్చినవాడికి ఆ ఇంటి పేరూ ఆస్తీ చెందుతాయని రోమాలోని విశ్వాసులకు ఎవరూ వివరించనక్కర లేదు. రచయిత ఈ నేపథ్యాన్ని ఓపికగా విప్పారు.

నన్ను ఎక్కువగా కదిలించింది మన దేశపు చట్టం గురించిన అధ్యాయం. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. అందుకే బిడ్డను పెంచుకోదలచిన మన కుటుంబాలు ఎన్నో ఏళ్లపాటు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు వెళ్లాయి. దాని కింద దొరికేది సంరక్షణ మాత్రమే. బిడ్డకు మైనారిటీ తీరితే చట్టం దృష్టిలో ఆ బంధమూ తీరిపోయేది. వీలునామా వ్రాస్తే తప్ప ఆస్తి రాదు. 2000లో బాలల న్యాయ చట్టం, 2006లో దానికి సవరణ వచ్చాక మతంతో నిమిత్తం లేని దారి తెరుచుకుంది. అలాంటి కుటుంబాలకు నేను కాపరిగా ఉన్నాను. బడి దరఖాస్తులో తండ్రి పేరు వ్రాసే చోట ఆ తండ్రుల చెయ్యి ఆగిపోవడం చూశాను.

గలతీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు చూపేది కూడా సంరక్షకుల చేతి కింద ఉండటానికీ, కుమారుడి స్థానం పొందటానికీ ఉన్న తేడానే. మనలో చాలామంది శిక్ష తప్పిందన్న తృప్తితోనే ఆగిపోతున్నారు. గెత్సేమనేలో యేసు తండ్రిని పిలిచిన పిలుపునే పరిశుద్ధాత్మ మన నోటా ఉంచాడు. అలా పిలిచే హక్కున్నవాళ్లు కచేరీ వరండాలో అర్జీదారుల్లా ప్రార్థిస్తుంటే నాకు దుఃఖం కలుగుతుంది.

ఒక్క చోట రచయిత ఇంకొంత వ్రాయవలసింది. రోమా 8:23లో మనం దత్తపుత్రత్వం కోసం, అంటే దేహ విమోచన కోసం, మూలుగుతూ ఇంకా కనిపెడుతున్నామని పౌలు అంటాడు. ఎంత ప్రార్థించినా స్వస్థత దొరకని మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు ఆసరా అయిన వచనం అది. ఈ పుస్తకంలో దానికి ఒక్క పుటే దక్కింది. మలి ముద్రణలో పెంచమని కోరుతున్నాను.

కుమార్తెల గురించిన చివరి అధ్యాయానికి ఏ కొరతా లేదు. రోమా సమాజం వారసత్వం కోసం ముఖ్యంగా మగవాళ్లనే దత్తత తీసుకునేది. క్రీస్తులో స్త్రీ అనీ పురుషుడనీ తేడా లేదని చెప్పిన పౌలు ఆ వారసత్వాన్నే స్త్రీలకూ పూర్తిగా అందించాడు. కట్నంతోనే కూతురి వాటా తీరిపోయిందనుకునే మన ఇళ్లలో, ఈ పుటలు కుటుంబ ప్రార్థనలో అన్నదమ్ములే బిగ్గరగా చదవాలి.